పదో తరగతి బాబుని ఈఎస్ఎల్‌లో వేశారు, వద్దని రాసిచ్చేయొచ్చా?

గుంటూరు అమ్మ:
జూన్‌లో గుంటూరు నుంచి డాలస్ వచ్చాం. బాబు అక్కడ తొమ్మిది పూర్తి చేశాడు, ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే. స్కూల్లో చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారంలో అడిగితే తెలుగు అని రాశాను. తర్వాత ఇంగ్లిష్ టెస్ట్ పెట్టి ఈఎస్ఎల్ అన్నారు, అంటే ఇంగ్లిష్ మాతృభాష కాని పిల్లలకి ఇంగ్లిష్‌లో సాయం చేసే చదువట. తెలిసినవాళ్లంతా "అయ్యో, ఇంగ్లిష్ అని రాయాల్సింది" అంటున్నారు, వాడేమో రోజూ ముఖం మాడ్చుకుని వస్తున్నాడు. స్కూలువాళ్లు సంతకానికి పంపిన కాగితం మూడు రోజులుగా డైనింగ్ టేబుల్ మీదే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

ఇర్వింగ్ నివాసి:
మీరు నిజమే రాశారండి, దానికి బాధపడకండి. మా అమ్మాయికి మేం వద్దని సంతకం పెట్టాం. క్లాసు పోయింది కానీ పరీక్ష పోలేదు. టెక్సస్‌లో తల్లిదండ్రులు వద్దన్నా సరే, పిల్లలు ఇంకా ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాళ్ల జాబితాలోంచి బయటపడేదాకా ఏటా టెల్పాస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాయాల్సిందే. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం, నాలుగూ ఉంటాయి. మాట్లాడే భాగంలో హెడ్‌సెట్ పెట్టుకుని కంప్యూటర్‌కి జవాబు చెప్పాలి, మా పిల్ల సిగ్గుపడి ఒక్కో మాటతో సరిపెట్టింది, అక్కడే ఆగిపోయింది. సాయం వదులుకుని పరీక్ష మాత్రం మిగుల్చుకున్నాం.

ఈఎస్ఎల్ టీచర్:
నేను ఇక్కడే హైస్కూల్లో చెబుతాను. మన ఇంగ్లిష్ మీడియం పిల్లలకి గ్రామర్ బాగా వస్తుంది, స్పెల్లింగులు ఇక్కడి పిల్లలకంటే మెరుగు. ఇబ్బంది ఎక్కడంటే, నోట్సులో ఉన్న జవాబు రాయడం అలవాటైన పిల్లవాడికి ఎప్పుడూ చూడని పేరా ఇచ్చి "నువ్వేమంటావు, ఏ వాక్యం చూసి అంటున్నావు" అనడిగితే చెయ్యి కదలదు. డిప్లొమా రావాలంటే ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, ఆల్జీబ్రా 1, బయాలజీ, యూఎస్ హిస్టరీ, ఈ ఐదింటిలో స్టార్ అనే రాష్ట్ర పరీక్షలున్నాయి. వాటిలో ఇలాంటి చదువే కావాలి. ఈసాల్ 1, 2 అనే విడి ఈఎస్ఎల్ క్లాసుల్లో వేసినా అవి ఇంగ్లిష్ 1, 2 క్రెడిట్లుగానే లెక్కకొస్తాయి, ఏడాది వృథా కాదు. ఈ సాయం దయతో ఇచ్చేదనుకోకండి, పిల్లల హక్కు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాని చైనీస్ పిల్లల కేసులో 1974లో సుప్రీంకోర్టు ఇచ్చిన లౌ వర్సెస్ నికల్స్ తీర్పు దాకా వెళ్తుంది దీని మూలం. సంతకం పెట్టేముందు రెండు సంగతులు అడగండి: విడిగా కూర్చోబెడతారా, మామూలు ఇంగ్లిష్ క్లాసులోనే ఈఎస్ఎల్ సర్టిఫికెట్ ఉన్న టీచర్ చెబుతారా? టెస్టులో నాలుగు భాగాల్లో ఎందులో తక్కువ వచ్చింది? రెండోదానికి జవాబు కాగితం మీద తీసుకోండి. ఏడాది చివర ఎల్‌పాక్ అనే కమిటీ టెల్పాస్, స్టార్ ఇంగ్లిష్, టీచర్ల అంచనా చూసి ఈఎస్ఎల్ నుంచి బయటికి పంపాలో లేదో తేలుస్తుంది, అందులో తల్లిదండ్రుల ప్రతినిధి కూడా ఉంటారు.

కాలేజీ కుర్రాడు:
అక్కా, నేను వరంగల్ నుంచి వచ్చి పదిలోనే చేరాను, నాకూ అదే కోపం. కానీ లంచ్‌లో పక్కన కూర్చున్న మొదటి ఇద్దరూ ఆ క్లాసువాళ్లే, ఒకడిది వియత్నాం, ఒకడిది హోండురస్. ముగ్గురికీ కలిసే భాష ఇంగ్లిష్ ఒక్కటే కాబట్టి నోరు విప్పక తప్పలేదు. తమ్ముడికి ఈ మాట మీరు కాదు, నాలాంటివాడెవడైనా చెబితే వింటాడు, కావాలంటే మెసేజ్ పెట్టండి.

గుంటూరు అమ్మ:
అందరికీ థాంక్సండి. ఇప్పుడే స్కూలుకి ఫోన్ చేశాను. చదవడం, రాయడం బాగానే వచ్చాయట, వినడం, మాట్లాడటంలోనే తగ్గాయట. విడి క్లాసు కూడా కాదట. గురువారం వాణ్ణి కూడా తీసుకుని వెళ్తున్నాం, కాగితం అప్పుడే ఇస్తాను. తమ్ముడూ, నీకు మెసేజ్ పెట్టాను చూడు.