నాయన అబ్లేషన్‌కు ఎమ్మారై పద్ధతి వచ్చేదాకా ఆగాలా?

ధర్మవరం నుంచి:
మా నాయనకు 62 ఏళ్లు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పైగదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు. గుండె దడ మొదలైతే వారాల తరబడి తగ్గదు, మందులు పనిచేయలేదు. బెంగళూరు డాక్టర్ అబ్లేషన్ (సన్నని వైరు గుండెలోకి పంపి, దడ పుట్టించే చోట కాల్చడం) చేయించుకోమన్నారు. జర్మనీలో ఉండే మా బావేమో, ‘అక్కడ ఎక్స్‌రే కింద చేస్తారు, వద్దు. ఇక్కడ ఎమ్మారై మిషన్లోనే చేస్తున్నారు, మన దగ్గరికి వచ్చేదాకా ఆగండి’ అంటున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్.

కడప నుంచి:
మీ బావ చెప్పింది తీసేసే మాట కాదన్నా. ఎక్స్‌రేలో వైర్లు కనిపిస్తాయి గానీ గుండె కండ సరిగా కనిపించదు. ఎమ్మారైలో కండ, దానిమీది మచ్చ, కాల్చిన చోట వచ్చే వాపు కూడా తెలుస్తాయి. రేడియేషన్ ఉండదు. రోజంతా సీసం ఏప్రాన్ మోసే డాక్టర్లు, టెక్నీషియన్ల ఆరోగ్యం కూడా ఆలోచించాలి.

అనంతపురం నుంచి:
నాకు పోయినేడు ఇదే జబ్బుకు అబ్లేషన్ అయింది, అప్పుడు చాలా చదివాను. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి.

మిషన్లోనే చేయడం ఒకటి. గుండెలోకి పంపే ఆ వైర్లలో, అంటే మామూలు క్యాథెటర్లలో లోహం ఉంటుంది, అక్కడ పనికిరావు, ప్రత్యేకమైనవి కావాలి. అయస్కాంతం వల్ల ఈసీజీ గీతలు వంకర పోతాయి. షాక్ ఇవ్వాల్సి వస్తే మనిషిని ముందు బయటికి లాగాలి. పైగా ఇలా చేసినవి ఎక్కువగా గుండె కుడివైపు వచ్చే ఫ్లటర్ అనే ఇంకో రకం దడకే. మీ నాయనకు కాల్చాల్సింది ఎడమ పైగదిలో, ఊపిరితిత్తుల సిరల చుట్టూ.

ముందే ఎమ్మారై తీసి మచ్చలు చూసి వాటినీ కాల్చడం రెండోది. మీ నాయన లాంటి 843 మంది మీద డెకాఫ్-2 అనే పరీక్ష చేసి 2022లో ఫలితం ప్రకటించారు. మళ్లీ లయ తప్పినవాళ్లు ఎమ్మారై వర్గంలో 43 శాతం, మామూలు వర్గంలో, అంటే సిరల చుట్టూ మాత్రమే కాల్చినవాళ్లలో 46.1. లెక్కకు నిలిచే తేడా కాదది. పక్షవాతం మాత్రం ఎమ్మారై వర్గంలో ఆరుగురికి వచ్చింది, రెండోదాంట్లో ఒక్కరికీ రాలేదు.

ఎక్స్‌రే భయమంటారా, ఇప్పుడు గుండె లోపలి పటాన్ని కంప్యూటర్‌లో గీసే త్రీడీ మ్యాపింగ్‌తో దాని వాడకం బాగా తగ్గింది. ఈ జబ్బు ఏళ్ల తరబడి ఉంటే పైగది సాగి మచ్చలు పెరుగుతాయి. అందుకే ఆగొద్దంటున్నాను. రక్తం పలచబడే మందు మాత్రం డాక్టర్ చెప్పకుండా ఆపనివ్వకండి.

కడప నుంచి:
ఈ జబ్బు వరకు ఒప్పుకుంటా. గుండెపోటు మచ్చ నుంచి కింది గదుల్లో దడ పుట్టేవాళ్లకు మాత్రం ముందే తీసిన ఎమ్మారై దారి చూపిస్తుంది. దాన్ని ఈ లెక్కతో కొట్టేయకూడదు.

అనంతపురం నుంచి:
నిజమే, అది వేరే జబ్బు.

ధర్మవరం నుంచి:
ఆ 843 మంది లెక్క బావకు పంపాను. సోమవారం నాయనను తీసుకుని బెంగళూరు పోతున్నాం. మ్యాపింగ్ ఉందా, ఎక్స్‌రే ఎంతసేపు వాడతారు, ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు అని డాక్టర్‌నే అడుగుతా.