ఓరుగల్లును కాపాడింది మట్టిగోడా, రాతిగోడా?

ధూళికోట_అభిమాని:
వరంగల్ కోట అనగానే అందరూ రాతికోట ఫొటోలే పెడతారు. దాని బయట చుట్టూ ఉన్న మట్టికోటను పట్టించుకునే నాథుడు లేడు. నా లెక్కలో అసలు పనిచేసింది అదే. 1310లో ఢిల్లీ సుల్తాన్ సేనాని మాలిక్ కాఫర్ చేసిన ముట్టడి గురించి రాసిన అమీర్ ఖుస్రో ఢిల్లీ కొలువులో మనిషి, మనల్ని పొగడాల్సిన అవసరం లేదు. ఆయనే ఆ మట్టిలో ఉక్కు బల్లెం కూడా దిగదన్నాడు.

రాతి_మనిషి:
అంత గట్టిదైతే కాఫర్ ఎలా దాటాడు? కందకం పూడ్చి, మట్టిగోడ ఎక్కి వచ్చాడు. వాళ్ల సైన్యం ఆగింది రాతిగోడ ముందే. ప్రతాపరుద్రుడు సంధి అడిగిందీ అప్పుడే. గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమదేవి పూర్తిచేసిన గోడ అది. 77 బురుజులు, బురుజుకో నాయకుడు.

బురుజుల_లెక్క:
77 కాదు, 45.

రాతి_మనిషి:
ప్రతాపచరిత్రలో 77 అనే ఉంది.

బురుజుల_లెక్క:
కాకతీయులు పోయిన చాలాకాలానికి రాసిన పుస్తకం అది. గోడ వెంట నడిచి లెక్కపెట్టుకోండి.

టీకొట్టు_చరిత్రకారుడు:
మీరు బురుజులు తేల్చేలోగా తుగ్లక్ మళ్లీ వచ్చేస్తాడు 😀

ధూళికోట_అభిమాని:
77 అయినా 45 అయినా నా మాట మారదు. రాతిగోడ అంటున్నారు కదా, లోపలివైపు నుంచి చూశారా? బయటికి కనపడేది గ్రానైటు. దాని వెనక ఉన్నది మట్టికట్టే. ఆ కట్ట మీద గోడ పొడవునా మెట్లు. ఏ వైపు దాడి జరిగితే ఆ వైపు సైనికులు ఉరికి ఎక్కడానికి. రాయి విసిరితే దెబ్బను మింగేది మట్టి. అది లేకపోతే రాతి వరస ఎన్ని రోజులు నిలబడేది?

ఇక 1323 సంగతి. ఉలుగ్ ఖాన్ (తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు) మొదటిసారి వచ్చినప్పుడు ఢిల్లీలో సుల్తాన్ చనిపోయాడని పుకారు లేచి వాడి శిబిరమే చెదిరింది. కొన్ని నెలలకే మళ్లీ వచ్చాడు. లోపల తిండి అయిపోయాక ఏ గోడ ఏం చేస్తుంది? కాబట్టి గోడ ఓడిపోయిందనకండి. మట్టికోటకు కూడా కంచె వేసి, మీదున్నవి తీయించి, కాపాడాలి.

రాతి_మనిషి:
ఆ, వచ్చింది అసలు మాట! "మీదున్నవి తీయించి". మీదున్నది ఏంటన్నా? ముళ్లచెట్లా, మా ఇళ్లా?

బురుజుల_లెక్క:
ఇళ్ల ప్రస్తావన ఎక్కడొచ్చింది ఇక్కడ?

రాతి_మనిషి:
నేను ఉండేదే కోటలో. మా నాన్న వేసిన రేకులు కారుతున్నాయి, స్లాబు వేసుకుందామంటే రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల ఉన్నావని ఆఫీసులో కాగితం వెనక్కి కొట్టారు. వానాకాలం వస్తే మంచం ఏ మూలకు జరపాలా అని టెన్షన్. మట్టిగోడ గొప్పదని నువ్వు ఇక్కడ నిరూపిస్తే దానికి పేపర్లో ఫొటో వస్తుంది, మా వీధికి ఇంకో నోటీసు వస్తుంది. 1310లో ఏ గోడ గెలిచిందో నాకెందుకు?

టీకొట్టు_చరిత్రకారుడు:
ఇది ముందే చెప్పొచ్చు కదా అన్నా.

ధూళికోట_అభిమాని:
మీ ఇల్లు కూల్చమని నేననలేదు. పురాతన కట్టడాల చట్టంలో 100 మీటర్లు రక్షిత హద్దు నుంచి కొలుస్తారు, ఏ గోడ బాగా పోరాడిందో చూసి కాదు. కొత్త కట్టడమే నిషేధం. పాత ఇంటి రిపేరుకు అనుమతి అడగొచ్చు. ఆపైన ఇంకో 200 మీటర్లలో అనుమతితో కట్టుకోవచ్చు కూడా.

రాతి_మనిషి:
అడగొచ్చు, అడగొచ్చు. అడిగి చూడు నువ్వు. కాకతీయుల కాలంలో ఈ గోడల లోపల ఎవరున్నారు మరి, దేవతలా? ఊరే కదా! గోడ కట్టిందే లోపలి జనం కోసం. ఇప్పుడు గోడ కోసం జనాన్ని పొమ్మంటారా?

ధూళికోట_అభిమాని:
ఆ జనం గట్టు తవ్వి ట్రాక్టర్లలో మట్టి తోలుకోలేదు.

రాతి_మనిషి:
ఎవరు తోలారు? మా వీధి వాళ్లా? చూసినవాడివైతే ఏ వైపు గట్టో చెప్పు, రేపు పొద్దున అక్కడే నిలబడి మాట్లాడుకుందాం.

ధూళికోట_అభిమాని:
తూర్పు దర్వాజ దగ్గరికి రా. చూపిస్తా.