పాఠం చెప్పే వాలంటీర్లకు ఏటా పది గంటల శిక్షణ తప్పనిసరి చేయాలా?

మాగుంట_మిద్దెతోట (నెల్లూరు):

మన బృందం నుంచి బడులకు, అపార్ట్‌మెంట్లకు, పొదుపు సంఘాలకు వెళ్లి మిద్దె తోటల గురించి చెప్పేవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. మొన్న కూర్చున్నప్పుడు ఒక ప్రతిపాదన వచ్చింది. పాఠం చెప్పేవాళ్లంతా ఏడాదికి కనీసం పది గంటలు ఎక్కడో ఒకచోట శిక్షణ తీసుకుని కాగితం చూపించాలి. కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) తరగతి కావచ్చు, ఉద్యాన శాఖ తోటబడి కావచ్చు, ఆన్‌లైన్ కోర్సు కావచ్చు. చూపించకపోతే ఆ ఏడు వాళ్లను పాఠానికి పంపం. వచ్చే నెల దీని మీద నిర్ణయం తీసుకోవాలి. అందుకే ముందుగా ఇక్కడ పెడుతున్నా.

నా ఓటు దీనికే. ఒక బడిలో మనవాళ్లు పంచిన కాగితం ఈమధ్య నా చేతికొచ్చింది. వంగలో కాయతొలిచే పురుగుకు మోనోక్రోటోఫాస్ కొట్టమని అచ్చేసి ఉంది. కూరగాయల మీద ఆ మందు వాడకూడదని 2005లోనే నిషేధం పెట్టారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపేసింది. ఆ పేరు కూడా కొందరి నోట ఇంకా వినపడుతూనే ఉంది. ఆ కాగితం రాసిన పెద్దాయనకు విషయం తెలియదని కాదు, మొక్కను చూసి జబ్బు చెప్పగలడు. ఆయన నేర్చుకున్న రోజుల్లో ఆ మందు మామూలే. ఆ తర్వాత మారిన సంగతులు ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

కావలి_మల్లెపందిరి:

అన్నా, ఆ కాగితం తప్పే, కాదనను. కానీ ఈ రూలు పెడితే ముందు జాబితాలోంచి పోయేది నాలాంటివాళ్లం. ఇగ్నో దూరవిద్య విశ్వవిద్యాలయంలో సేంద్రియ సాగు మీద ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉందంటారు, కేంద్రం నడిపే 'స్వయం' ఆన్‌లైన్ పోర్టల్‌లో ఐఐటీ వాళ్ల కోర్సులు ఉన్నాయంటారు. నేను తెరిచి చూసినవన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఉద్యాన విశ్వవిద్యాలయమేమో వెంకటరామన్నగూడెంలో. రాత్రి బండెక్కి తాడేపల్లిగూడెంలో దిగి అక్కడికి పోవాలి. ఇంట్లో అత్తమ్మను, పిల్లల్ని ఎవరికి అప్పగించి పోను?

మా వీధిలో బోరు నీళ్లు ఉప్పన. వాటితో పాలకూర వస్తుంది, బీన్స్ వేస్తే ఆకు అంచులు మాడిపోతాయి. తెల్లగా ఉప్పు తేలిన కుండీని పారేయకుండా, వాన పడ్డప్పుడు ఎట్టా కడిగి మళ్లీ వాడుకోవాలో మా పొదుపు సంఘం ఆడవాళ్లకు చేసి చూపిస్తున్నా. ఇది ఏ కోర్సులో ఉందో చెప్పండి, చేరతా.

విశ్రాంత_ఉద్యాన_అధికారి (ఒంగోలు):

అమ్మా, మీ అనుభవాన్ని ఎవరూ తక్కువ చేయడం లేదు. అయితే కొత్తగా వచ్చిన పురుగు మొదట్లో అందరికీ పాత పురుగులాగే కనిపిస్తుంది. ఇబ్బందంతా అక్కడే. 2021-22లో మిరపను తినేసిన నల్ల తామరపురుగునే తీసుకోండి. తామరపురుగు మన రైతుకు కొత్త కాదు. పాత రకం ఆకుల్లో రసం పీలుస్తుంది, పైముడత వస్తుంది. ఈ నల్లది ఎక్కువగా పూలలో చేరుతుంది, పూత రాలిపోతుంది. మన దేశంలో దీన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. అంటే మిరప మీద విరుచుకుపడే ముందు కొన్నేళ్లు టైమ్ ఉంది. ఆ కొన్నేళ్లలో ఆ సంగతి మన పల్లెల్లో పాఠాలు చెప్పేవాళ్ల దాకా రాలేదు. పాత పురుగే అనుకుని పాత మందుల మోతాదు పెంచారు. దాన్ని తినే మిత్రపురుగులు చచ్చాయి, అది మాత్రం మిగిలింది.

బొప్పాయి పిండినల్లి కథ ఇంకోటి. 2008లో కోయంబత్తూరు దగ్గర బయటపడింది. మందులతో లొంగలేదు. బయటి దేశం నుంచి తెప్పించిన చిన్న పరాన్నజీవి కందిరీగను 2010లో వదిలాక గానీ తగ్గలేదు. ఇది తెలిసిన వాలంటీరు మీ మిద్దె మీద బొప్పాయికి మందు కొట్టే ముందు కాసేపు ఆగుతాడు. తెలియనివాడు స్ప్రేయర్ తీసుకుంటాడు. పది గంటలు ఎక్కువేమీ కాదు, నన్నడిగితే ఇరవై పెట్టమంటాను.

దర్శి_మిరప:

సార్, ఆ ఏడు నేను పొలంలోనే ఉన్నా. మాకు ఆ మందులు చెప్పింది చదువు లేనోళ్లు కాదు. నేను కొన్న షాపులో 'దేశీ' (DAESI) అనే డిప్లొమా గోడకు వేలాడుతూ ఉంది. మందులు, ఎరువులు అమ్మేవాళ్ల కోసం హైదరాబాద్‌లోని మేనేజ్ (MANAGE) అనే వ్యవసాయ శిక్షణ సంస్థ 2003లో మొదలుపెట్టిన కోర్సు అది. వారానికో రోజు చొప్పున 48 వారాలు. మీరు పది గంటలంటున్నారు, ఆయన ఏడాది చదివాడు. అయినా వెళ్లినప్పుడల్లా ఒక కొత్త డబ్బా చేతిలో పెట్టాడు. కోర్సులో తప్పు లేదు. ఆయన ఇల్లు గడిచేది డబ్బా అమ్మితే కదా.

కాబట్టి గంటలు లెక్కపెట్టే ముందు ఇంకో ప్రశ్న అడగండి. పాఠం అయ్యాక మన వాలంటీరు ఏం అమ్ముతున్నాడు? క్లాసు చివర గ్రో బ్యాగులు, ఏవో ద్రావణాల సీసాలు బయటికి తీసేవాళ్లు మనలో లేరా? పేర్లు నేను చెప్పను, ఎవరికి తగలాలో వాళ్లకు తగులుతుంది.

పొదలకూరు_రోడ్డు_నర్సరీ:

తగిలింది బాబూ, నాకే. అమ్మేవాడంటే దొంగేనా? నేను మొక్కలమ్ముతా, పాఠమూ చెబుతా, రెండూ బాహాటంగానే.

నా బాధ వేరే. నిమ్మమొక్కకు వచ్చినవాళ్లు ఈమధ్య 'అంటు మొక్కే కావాలి, గింజ మొక్క వద్దు' అని పట్టుబడుతున్నారు. ఎవరు చెప్పారంటే మన వాలంటీరమ్మే క్లాసులో చెప్పిందట, ఏదో వీడియో చూసి. అయ్యా, బత్తాయికి అంటు కావాలి, రంగపూర్ నిమ్మ మీద కడతారు. మామిడికీ కావాలి. పుల్ల నిమ్మకు అక్కర్లేదు. ఆ గింజలో ఒకటికి మించి పిండాలుంటాయి, వాటిలో ఎక్కువ భాగం తల్లి చెట్టు కణాల నుంచే వస్తాయి. అందుకే గింజ నుంచి వచ్చిన మొక్క చాలావరకు తల్లి పోలికే. పొదలకూరు, రాపూరు తోటల్లో రైతులు వేసేది గింజ మొక్కలే. నిమ్మ మీద పరిశోధన స్థానం వెంకటగిరి దగ్గర పెట్లూరులోనే ఉంది. ఊరి పక్కన ఇంత ఉంటే మనవాళ్ల పాఠం హైదరాబాద్ వీడియో నుంచి వస్తోంది. ఇప్పుడు చెప్పండి, ఆ వీడియో చూసిన అరగంట మీ పది గంటల్లో కలుస్తుందా, కలవదా?

డాలస్_నెల్లూరోడు:

దూరం నుంచి దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇక్కడ అమెరికాలో ఇలాంటిదే మాస్టర్ గార్డెనర్ అని ఉంది, నేను అందులో వాలంటీరును. ఇంటి తోటల వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పలేక విశ్వవిద్యాలయం తరఫున సాగు సలహాలిచ్చే విస్తరణ ఉద్యోగులు సతమతమవుతుంటే, 1970ల మొదట్లో వాషింగ్టన్ రాష్ట్రంలో పుట్టింది. తర్వాత దేశమంతా పాకింది. రూల్స్ రాష్ట్రానికొక రకం. మా టెక్సాస్‌లో మొదటి ఏడు కనీసం 50 గంటల తరగతి, 50 గంటల సేవ. ఆ తర్వాత ఏటా 6 గంటలు కొత్తగా నేర్చుకోవాలి, 12 గంటలు సేవ చేయాలి. చదువు కంటే సేవ రెట్టింపు, గమనించండి.

మంచీ చెడూ రెండూ చెబుతా. వెబినార్ ఆన్ చేసి పక్కన అంట్లు తోముకుంటూ గంటలు రాసుకునేవాళ్లు ఇక్కడా ఉన్నారు. పనికొచ్చేది ఇంకోటి: ఆ పేరు మీద సలహా ఇచ్చేటప్పుడు విశ్వవిద్యాలయం పరీక్షించి చెప్పిందే చెప్పాలి. మా అమ్మమ్మ చిట్కా అని అక్కడ చెప్పకూడదు, ఇంట్లో వాడుకోవచ్చు. వ్యాపారానికి ఆ బిరుదు వాడుకోకూడదు. దర్శి అన్న అడిగినదానికి అక్కడ జవాబు అదే.

కావలి_మల్లెపందిరి:

తమ్ముడూ, అక్కడ ప్రతి కౌంటీలో విశ్వవిద్యాలయం వాళ్ల ఆఫీసు ఉంటుందని నువ్వే ఇంతకుముందు ఇంకో చర్చలో రాశావు. ఫోన్ చేస్తే ఎత్తుతారు. మాకు గ్రామ సచివాలయాల్లో ఉద్యాన సహాయకులు ఉన్నారు, 2019 నుంచి. పాపం వాళ్ల మీద పంట నమోదు, ఇంకో వంద పనులు. నా మిద్దె మీద వంగమొక్క గురించి వాళ్లను అడగాలంటే నాకే మొహమాటం.

అమ్మమ్మ చిట్కా వద్దంటే మన ప్రకృతి సాగు పాఠం సగం పోతుంది. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఆ ప్రకృతి సాగు పని నడుపుతోంది. అందులో రైతుకు రైతే చెబుతాడు. చెప్పేవాళ్లు ముందు తమ చేలో చేసి చూపించాలి. ఆ పద్ధతి నాకు నచ్చింది. నా మిద్దె ఎక్కి చూడండి, కాగితం ఎందుకు?

మార్కాపురం_సైన్సు_టీచర్:

శిక్షణల సంగతి నన్నడగండి. ఉదయం సంతకం, పదకొండుకు టీ, మధ్యాహ్నం ఫొటో, సాయంత్రం సర్టిఫికెట్. బడి పెరటి తోటల మీద కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో చెప్పినవి మంచి మాటలే. కానీ తోట నడిచేది ఆ బడిలో నీళ్లుండి, ఎండాకాలం సెలవుల్లో పోసే మనిషి ఉంటేనే. మా వైపు సమస్య అదే, దాని మీద ఒక్క గంట పాఠం కూడా నేను వినలేదు.

కావలి మేడమ్ గారితో మాత్రం ఒకచోట విభేదిస్తాను. మీ మిద్దె చూస్తే మీకు పండించడం వచ్చని తెలుస్తుంది. మీరు పిల్లలకు చెప్పే పది మాటల్లో తొమ్మిది మీ మిద్దె మీద రుజువైనవే కావచ్చు. పదోది ఎక్కడో విన్నది కావచ్చు. నిషేధించిన మందు పేరు అలాంటి పదో మాటే. దాన్ని మిద్దె చూసి పట్టుకోలేం.

ఇంకోటి, నాటే కాలం. జూన్‌లో తొలకరి పడగానే విత్తండి అని వీడియోల్లో చెబుతారు. నెల్లూరు, కావలి తీరంలో వాన ఎక్కువగా కురిసేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్‌లో అక్కడ ఇంకా ఎండలు మండుతుంటాయి. అప్పుడు నారు పోస్తే మాడుతుంది. నవంబరులో కుండీలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. 2021 నవంబరు వానలు మరిచిపోయారా? మన వాలంటీర్లలో ఎంతమంది మన జిల్లా వాన లెక్కతో నాటే పట్టిక ఇస్తున్నారు?

దర్శి_మిరప:

టీచర్ గారు, ఆ పట్టిక మీరే రాయండి. మీరు, ఒంగోలు సార్, కావలి అక్క కలిసి. నాకు పది గంటల కన్నా అదే ఎక్కువ.

మాగుంట_మిద్దెతోట:

అందరి మాటలూ చదివాక ప్రతిపాదనను మారుస్తున్నా. గంటల లెక్క తీసేద్దాం. దాని బదులు సెప్టెంబరులో, ఈశాన్య వానలకు ముందు, ఒక రోజు అందరం కలుద్దాం. నెల్లూరు కేవీకే వాళ్లనో దర్శి కేవీకే వాళ్లనో పిలుద్దాం, కుదిరితే పెట్లూరు నుంచి ఒకరిని. అంతా తెలుగులో. ఆ ఏడు వచ్చిన కొత్త పురుగులు, నిషేధించిన మందులు, నాటే పట్టిక, అంతే. ఏ బడిలో ఏ కాగితం పంచినా దాని మీద తేదీ, చూసి సరిచేసిన మనిషి పేరు ఉండాలి. రసాయన మందు పేరు వాలంటీరు తన నోటితో చెప్పకూడదు, అడిగితే రైతు సేవా కేంద్రానికి పంపాలి. అమ్మకం ఉంటే క్లాసు మొదట్లోనే చెప్పాలి, చివర్లో కాదు. ఆ రోజుకు రానివాళ్లను మాత్రం ఆ ఏడు పాఠానికి పంపం. ఇందులో మార్పు లేదు.

విశ్రాంత_ఉద్యాన_అధికారి:

ఒక రోజు చాలదు. సరే, ఏమీ లేనిదాని కంటే నయం. కానీ మందు పేరే చెప్పకూడదంటే ఎలా? నిషేధించినది ఏదో చెప్పడానికైనా పేరు పలకాలి కదా. 'వాడమని చెప్పకూడదు' అని రాయండి, అప్పుడు ఒప్పుకుంటాను. పురుగుల పాఠం నేను తీసుకుంటాను, ఫొటోలు కాకుండా తెగులు పట్టిన కొమ్మలు తెస్తాను.

పొదలకూరు_రోడ్డు_నర్సరీ:

క్లాసు మొదట్లోనే చెప్పమంటే నాకేం అభ్యంతరం లేదు. 'నేను నర్సరీవాడిని' అని బోర్డే పెట్టుకుంటా. సీసాలవాళ్లు ఏమంటారో వాళ్లనే అడగండి, ఇంతవరకు ఒక్కరూ ఇక్కడ నోరు తెరవలేదు.

కావలి_మల్లెపందిరి:

రానివాళ్లను పంపం అంటే నేనింకా ఒప్పుకోను. ఆ రోజు ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఏడాదంతా ఇంట్లో కూర్చోవాలా? రెండు చోట్ల పెట్టండి, ఒకటి నెల్లూరులో, ఒకటి కందుకూరు వైపు, వారం తేడాతో. ఏదో ఒకదానికి వస్తాం. ఆదివారం వద్దు, ఇల్లంతా ఉంటుంది, వంట పని తెమలదు. శనివారం పదిన్నరకి అయితే నాతోపాటు మా సంఘం నుంచి ఇంకొంతమంది వస్తారు. ఉప్పు నీళ్ల కుండీల పాఠం నాకివ్వండి, అరగంట చాలు.