అప్‌డేట్: నాన్న గురక, నిద్రలో ఊపిరి ఆగడం

నెల క్రితం అడిగాను కదా, నాన్న గట్టిగా గురక పెడుతూ ఒక్కసారిగా ఆగిపోతారు, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై లేస్తారు, పగలు మిర్చి యార్డులో కాటా దగ్గరే కునుకు తీస్తున్నారు, ఏం చేయాలని. స్లీప్ స్టడీ, అంటే రాత్రి నిద్రపోతుండగా చేసే పరీక్ష, చేయించమన్నారు. గుంటూరులోనే చేయించాం.

రాత్రంతా తలకు, ఛాతీకి వైర్లు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. చూసి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. గంటకు 38 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరిగిందని రిపోర్టు. 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) అట.

డాక్టరుగారు గ్రాఫు చూపించి చెప్పాక విషయం బాగా ఎక్కింది. తేలిక నిద్ర, గాఢ నిద్ర, కలలు ఎక్కువగా వచ్చే ఆర్‌ఈఎం నిద్ర కలిపి ఒక చుట్టు సుమారు 90 నిమిషాలు. రాత్రికి నాలుగైదు చుట్లు. నాన్నకు గాఢ నిద్ర దాదాపు లేనే లేదు. అందులోకి దిగబోతుండగానే గొంతు మూసుకుపోయి, మెదడు లేపేస్తోంది. ఆర్‌ఈఎంలో కండరాలు బాగా సడలిపోయి గొంతు ఇంకా తేలిగ్గా మూసుకుపోతుంది, ఆ నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ. "నాలుగింటప్పుడే నాకు భయమేస్తుందిరా" అని అమ్మ ఎప్పుడూ అనేది అందుకే.

సీపాప్ మెషిన్ (మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా ఉంచేది) పెట్టి 12 రోజులైంది. మొదటి మూడు రాత్రులు మాస్కు పీకేశారు. ఇప్పుడు ఐదు గంటలు ఉంచుకుంటున్నారు. నిద్రమాత్రలు వేయమన్న బంధువుల మాట వినకపోవడమే మంచిదైంది, కొన్ని మాత్రలు ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయట. బండి తోలడం మాత్రం ఇంకా వద్దన్నాను. నిన్న పొద్దంతా కునుకు తీయలేదని గుమస్తా ఫోన్ చేసి మరీ చెప్పాడు.