ఆకాశవాణి, దూరదర్శన్ వార్తలు ఎవరి పక్షం? ఉంచాలా, మూసెయ్యాలా?

నకిరేకల్ పాఠకురాలు:
2024 ఏప్రిల్‌లో డీడీ న్యూస్ లోగో ఎరుపు నుంచి కాషాయంలోకి మారినప్పుడు ఇక్కడ మస్తు గొడవ జరిగింది. రంగు మీద కొట్లాడుకుని అసలు సంగతి వదిలేశాం. మన పన్నులతో నడిచే వార్తల్లో ఢిల్లీ గద్దె మీద ఎవరుంటే వాళ్ల మాటే ఎందుకు ఎక్కువ వినిపిస్తుంది? పక్షపాతం ఉందనే నా అభిప్రాయం. వాళ్లు అబద్ధం చెప్తారని అనను, వదిలేసేవే ఎక్కువ. మంత్రి రిబ్బన్ కత్తిరించింది వస్తుంది, ఆ పనికి ఎంత ఖర్చయిందని ప్రతిపక్షం అడిగింది రాదు. దీన్ని బాగు చేసే దారి ఉందా? మీరేమంటారు?

పాలమూరు యువకుడు:
మూసెయ్యాలి అక్కా. 2014 అక్టోబర్ 3న విజయదశమికి ఆర్‌ఎస్‌ఎస్ అధినేత నాగపూర్ ప్రసంగాన్ని దూరదర్శన్ లైవ్‌గా చూపించింది. 2017 ఆగస్టు 15న త్రిపుర సీపీఎం ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ ప్రసంగం మార్చి ఇస్తే తప్ప ప్రసారం చెయ్యబోమన్నారు. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి, స్వాతంత్ర్య దినం నాడు! 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు పార్టీలకు ఇచ్చే ఉచిత సమయంలో కూడా సీపీఎం నేత సీతారాం ఏచూరి ప్రసంగంలోంచి కొన్ని మాటలు తీసేయించారు. నాకు ఆ పార్టీ మీద ప్రేమేం లేదు. కానీ వాళ్ల నోరు కట్టెయ్యడానికి నా పన్ను డబ్బు ఎందుకు?

దేవరకొండ రిటైర్డ్ టీచర్:
తమ్మీ, నువ్వు చెప్పినవన్నీ జరిగాయి. కానీ లెక్క 2014లోనే మొదలుపెట్టావు. 1975లో ఎమర్జెన్సీ పెట్టగానే సమాచార శాఖ నుంచి గుజ్రాల్‌ను తప్పించి వి.సి. శుక్లాను కూర్చోబెట్టారు. అప్పటి నుంచి రేడియోలో ఒక్క గొంతే. ఆ ఏడాది ఆగస్టులోనే ఉపగ్రహం ద్వారా ఊళ్లకు టీవీ పాఠాలు చూపించే ప్రయోగం మొదలైంది. మన అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలు. సేద్యం, ఆరోగ్యం, బడి పిల్లల పాఠాలు. మంచి పనీ అదే సంస్థ చేసింది, సర్కారు భజనా అదే సంస్థ చేసింది.

ఆ తర్వాత వర్గీస్ కమిటీ వచ్చి రేడియో, టీవీలను నడపడానికి స్వతంత్ర ట్రస్టు పెట్టమంది. కమిటీ వేసిన జనతా ప్రభుత్వమే ఆ సిఫారసులను పల్చన చేసింది. 1990లో వి.పి. సింగ్ హయాంలో ఆకాశవాణి, దూరదర్శన్‌లను ఒక స్వతంత్ర సంస్థ కిందికి తెచ్చే ప్రసార భారతి చట్టం పాసైంది, అమలు మాత్రం ఏడేళ్లు మూలన పడింది. చివరికి 1997లో దాన్ని అమల్లోకి తెచ్చిన సమాచార శాఖ మంత్రి ఎవరనుకున్నావు? మన జైపాల్ రెడ్డి గారే. కల్వకుర్తి నుంచి ఎమ్మెల్యేగా, పాలమూరు, మిర్యాలగూడ నుంచి ఎంపీగా గెలిచిన మనిషి. అది మన జిల్లాల వాళ్లు గర్వపడాల్సిన విషయం. అదే నోటితో ఇదీ చెప్పాలి: ఆయన 2004లో మళ్లీ అదే శాఖకు మంత్రి అయ్యారు, అయినా అసలు ముడి అలాగే ఉండిపోయింది. 2014 ఎన్నికల ముందు, యూపీఏ హయాంలో, మోదీ ఇంటర్వ్యూను ఇదే దూరదర్శన్ కోత పెట్టి వేసింది.

పాలమూరు యువకుడు:
సార్, రెండు పార్టీలూ అదే చేశాయంటే మూసెయ్యమనే నా మాటకే బలం వచ్చింది కదా?

అచ్చంపేట అక్క:
మూసేస్తే మాకేం మిగులుతుంది తమ్ముడూ? అమ్రాబాద్, పదర వైపు ఎంతోమందికి నెలనెలా కట్టే కేబుల్ లేదు, డీడీ ఫ్రీ డిష్ ఉంది. ప్రైవేటు ఎఫ్‌ఎంలకు సొంతంగా వార్తలు చదివే అనుమతి లేదు, ఆకాశవాణి వార్తలనే తిరిగి వేసుకోవాలి. అంటే ఆకాశవాణి తీసేస్తే రేడియోలో వార్తలే ఉండవు. ఇక ప్రైవేటు ఛానళ్ల సంగతంటావా, 2022 మునుగోడు ఉప ఎన్నికప్పుడు చూశాం. ఒకే సభ ఒక ఛానల్లో జనసముద్రం, ఇంకో ఛానల్లో ఖాళీ కుర్చీలు.

పాలమూరు యువకుడు:
అది నిజమే అక్కా. కానీ ఆ ఛానల్ నచ్చకపోతే మార్చేస్తా. దీనికి మాత్రం చూసినా చూడకపోయినా డబ్బు కట్టాలి.

నకిరేకల్ పాఠకురాలు:
డబ్బు కడుతున్నాం కాబట్టే అడిగే హక్కు మనది. సార్ ముడి అన్నారు, ఆ ముడి ఎక్కడుందో చూద్దాం. ప్రసార భారతి పేరుకు స్వతంత్ర సంస్థ. బోర్డు సభ్యులను ఎంపిక చేసేది ముగ్గురు: రాజ్యసభ ఛైర్మన్, ప్రెస్ కౌన్సిల్ ఛైర్మన్, రాష్ట్రపతి నామినీ. వినడానికి బాగానే ఉంది. కానీ ఖర్చులో పెద్ద భాగం ఏటా కేంద్రం ఇచ్చే గ్రాంటు. పైగా వార్తా విభాగాలను నడిపే అధికారులు ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వాళ్లు. ఆ సర్వీసు సమాచార శాఖ కిందిది. బదిలీ, ప్రమోషన్ మంత్రిత్వ శాఖ చేతిలో ఉన్నప్పుడు, మంత్రికి ఇబ్బంది కలిగించే వార్త వెయ్యడానికి ఏ అధికారికైనా టెన్షన్ ఉండదా? ఎవరూ ఫోన్ చేసి బెదిరించనక్కర్లేదు, ఆయనే ముందుగా పక్కన పెట్టేస్తాడు.

అందుకే వార్తల సిబ్బందిని శాఖ నుంచి పూర్తిగా విడదీయాలంటాను. డబ్బు ఐదేళ్లకోసారి పార్లమెంటే ఖరారు చెయ్యాలి. ఏ పార్టీకి ఎన్ని నిమిషాలు ఇచ్చారో నెలనెలా బయట పెట్టాలి. ఎన్నికలప్పుడు పార్టీలకు 1998 నుంచి సమయం లెక్కగట్టి ఇస్తూనే ఉన్నారు, మిగతా రోజుల్లో లెక్క చెప్పడానికి ఏం అడ్డం?

ఇది మనకెందుకు అనే వాళ్లకు ఒక్క సంగతి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. ఆ నీళ్లు రావాల్సింది మన నల్గొండకు. పని కాంగ్రెస్ హయాంలోనూ నడిచింది, బీఆర్‌ఎస్ హయాంలోనూ నడిచింది. ఒక పార్టీ వైపున్న ఛానల్ తప్పంతా రెండో పార్టీదే అంటుంది. ఇద్దరినీ నిలబెట్టి అడిగే వార్తాసంస్థ ఒక్కటైనా మనకు కావాలా వద్దా?

పాలమూరు యువకుడు:
సిబ్బందిని విడదీయాలన్న మాట ఒప్పుకుంటా. మూసివేత మీద నా మనసు ఇంకా మారలేదు. గద్దె మీదున్న పార్టీ చేతిలో ఉన్న మైకును తనంతట తాను ఎందుకు వదులుకుంటుంది?

దేవరకొండ రిటైర్డ్ టీచర్:
తనంతట తాను వదలదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అందరూ స్వయంప్రతిపత్తి అంటారు, గెలవగానే మర్చిపోతారు. కాబట్టి ఇద్దరినీ ఒకేసారి అడగాలి. 2024లో నల్గొండ, భువనగిరి, నాగర్‌కర్నూల్ కాంగ్రెస్ గెలిచింది, మహబూబ్‌నగర్ బీజేపీ గెలిచింది. వార్తా విభాగాన్ని శాఖ నుంచి ఎప్పుడు విడదీస్తారని పార్లమెంటులో ప్రశ్న వెయ్యమని నలుగురు ఎంపీలకూ ఒకే ఉత్తరం రాద్దాం. ముసాయిదా నేను రాస్తాను, మీరు దిద్దండి. సంతకం పెట్టాలనుకునే వాళ్లు కింద ఊరి పేరు రాయండి.