లంకావిలో పిలకాయలతో రెండు రాత్రులు లంగరు మీద: ఎంత గొలుసు, ఎన్ని నీళ్లు?

ప్రశ్న (తిరుపతి): సంక్రాంతి సెలవులకు మేమిద్దరం, 6, 10 ఏళ్ల పిలకాయలు, మా బావమరిది కలిసి మలేషియాలోని లంకావికి పోతున్నాం. 34 అడుగుల తెరచాప పడవ, అద్దెది. కీల్ (పడవ అడుగున ఉండే రెక్క) నీళ్లలోకి 1.8 మీటర్లు దిగుతుంది. లంగరుకు 50 మీటర్ల గొలుసు ఉందట. బావమరిదికి పడవ నడిపేది వచ్చు గానీ రాత్రిపూట లంగరు మీద నిలిపే అలవాటు లేదు. దయాంగ్ బుంటింగ్ దీవి చాటున రెండు రాత్రులు ఉండాలని అనుకుంటున్నాం. లంగరు ఎంత బరువుండాలి?

సూళ్లూరుపేట: బరువు సంగతి అద్దెకిచ్చేవాళ్లు చూసుకునే ఉంటారు. మీరు లెక్క వేసుకోవాల్సింది గొలుసు పొడుగు. లంగరును నేలబారుగా లాగితేనే అడుగున దిగబడుతుంది. గొలుసు నిటారుగా లేచిందంటే పెళ్లగించుకుని వచ్చేస్తుంది.

పొడుగంతా గొలుసే అయితే లోతుకు 5 రెట్లు, తాడు కలిస్తే 7 రెట్లు వదలాలి. లోతంటే ఆ పూట మీటరు చూపించేది మాత్రమే కాదు, ఎక్కువమంది బోర్లా పడేది ఇక్కడే. లంకావిలో పున్నమి, అమావాస్యల సమయంలో ఆటుకూ పోటుకూ తేడా దాదాపు 3 మీటర్లు. ఆటు సమయంలో 4 మీటర్ల నీళ్లలో లంగరు వేశారనుకోండి. పోటుకు పెరిగే 3, నీటి మీద పడవ ముక్కు ఎత్తు 1, మొత్తం 8. ఐదు రెట్లు 40 మీటర్లు. నాలుగైదుల ఇరవై అని 20 వదిలి పడుకుంటే అర్ధరాత్రి పోటుకు అది రెండున్నర రెట్లే. గాలి లేస్తే పడవ జారుతుంది.

దీనికి తిరగబడ్డ లెక్క కూడా ఉంది. పోటు మీద 4.5 మీటర్లలో వేస్తే తెల్లారేసరికి 1.5 మిగులుతుంది, మీ కీల్ నేలకు తగులుతుంది. లోతు మీటరు నీటి మట్టం నుంచి చూపిస్తుందా, కీల్ కింది నుంచి చూపిస్తుందా అనేది పడవ తీసుకునేటప్పుడే అడిగి రాసుకోండి.

చిత్తూరు: అడుగు ఎట్లాంటిదో సముద్రపు పటంలోనే (చార్టులో) ఉంటుంది. 'ఎం' అంటే బురద, 'ఎస్' ఇసుక, రెండూ మంచివే. 'ఆర్' రాయి, 'సీఓ' పగడపు దిబ్బ. ఈ రెండిట్లో వేయొద్దు. రాయిలో ఇరుక్కుంటుంది, పగడాన్ని గొలుసు దున్నేస్తుంది.

వేసేటప్పుడు గాలికి ఎదురుగా వచ్చి పడవను పూర్తిగా ఆపండి. లంగరు అడుగు తాకాక, పడవ మెల్లగా వెనక్కి జరుగుతుండగా గొలుసు వదలండి. ఒక్కసారిగా వదిలితే కుప్పగా పడి లంగరుకే చుట్టుకుంటుంది. కావాల్సినంత వదిలాక ఇంజన్ రివర్సులో ముందు తక్కువ వేగం, తర్వాత నిమిషానికి 1500 చుట్ల దాకా పెంచి ఒక నిమిషం ఉంచండి. అప్పుడు గొలుసు మీద చెయ్యి పెట్టి చూడండి. బిగుసుకుని నిలకడగా ఉంటే లంగరు పట్టింది. గడగడమని అదురుతుంటే అడుగున ఈడ్చుకుపోతోంది, తీసి మళ్లీ వేయాల్సిందే.

తర్వాత బరువంతా గొలుసు చుట్టే యంత్రం మీద ఉంచొద్దు, దాని పళ్లు పోతాయి. 12 మిల్లీమీటర్ల నైలాన్ తాడు ఒక 8 మీటర్లు కొక్కెంతో గొలుసుకు తగిలించి, ముక్కు దగ్గరి కొయ్యకు కట్టండి. తాడు సాగుతుంది కాబట్టి కుదుపులు తగ్గుతాయి, రాత్రి గొలుసు చప్పుడుకు పిలకాయలు లేవరు. తాడు ఒరుసుకునే చోట పాత గుడ్డ చుట్టాలి.

ప్రశ్న (తిరుపతి): రాత్రంతా ఒకరు మేల్కోవాలా? జారిందని తెలిసేదెట్లా?

సూళ్లూరుపేట: ఫోన్‌లో లంగరు అలారం పెట్టండి, మీరు పెట్టిన చుట్టు దాటి పడవ పోతే మోగుతుంది. కేంద్రం లంగరు పడిన చోటు, పడవ నిలిచిన చోటు కాదు. 40 మీటర్ల గొలుసు, 10 మీటర్ల పడవ, జీపీఎస్ తేడాకు ఇంకో 5, మొత్తం 55 మీటర్ల చుట్టు. పడవ తిరిగే చోటు కూడా అంతే కాబట్టి పక్క పడవకు తగినంత ఎడంగా వేయండి. చీకటి పడకముందే ఒడ్డున ఒకే వరుసలో కనిపించే రెండు గుర్తులు, చెట్టూ దాని వెనక కొండ కొనా అట్లాంటివి, చూసి పెట్టుకోండి.

తెరచాప కొయ్య మీద చుట్టూ కనిపించే తెల్ల దీపం ఒక్కటే వెలగాలి. ఎర్ర, పచ్చ దీపాలు వెలుగుతుంటే పడవ కదులుతోందని ఎదుటివాళ్లు అనుకుంటారు. 3 వాట్ల ఎల్‌ఈడీ 12 గంటలు వెలిగినా 12 వోల్టుల బ్యాటరీలో 3 ఆంపియర్ అవర్లే. బ్యాటరీని తాగేసేది ఫ్రిజ్.

శ్రీకాళహస్తి: ఇంటి సంగతులు నేను చెప్తా. తాగే నీళ్లు మనిషికి రోజుకు 3 లీటర్లు, ఐదుగురికి మూడు రోజులకు 45. 20 లీటర్ల క్యాన్లు మూడు వేసుకోండి. ట్యాంకు నీళ్లు కడుక్కునేదానికి. గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి, చివర్లో ఒక్కసారి మంచినీళ్లతో తొలిపితే చాలు. పొంగలి, పప్పన్నం కుక్కర్లోనే చేయండి, పడవ ఊగినా ఒలకదు. గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే పడవ అడుగున చేరి నిలుస్తుంది. అందుకని వంటయ్యాక సిలిండర్ దగ్గరే వాల్వు కట్టేయాలి.

టాయిలెట్ పంపు వాడాక మీటను 'పొడి' వైపు తిప్పడం పిలకాయలకు మొదటిరోజే నేర్పండి. మరిచిపోతే సముద్రపు నీళ్లు మెల్లగా లోపలికి వచ్చి పొంగుతాయి.

ఈతకు దిగేముందు ఇంజన్ ఆపి తాళం తీసి పెట్టుకోండి. పడవ ముక్కు దగ్గర చెనక్కాయ పొట్టు ఒకటి నీళ్లలో వేయండి. 10 మీటర్ల పడవ పొడుగు 20 సెకండ్లలో దాటిందంటే ప్రవాహం ఒక నాట్, అంటే గంటకు దాదాపు 1.8 కిలోమీటర్లు. పిలకాయలను దించొద్దు. 10 సెకండ్లలో దాటితే పెద్దవాళ్లు కూడా వద్దు. నీళ్లు నిలకడగా ఉన్నా సరే, 20 మీటర్ల తాడుకు ఒక ఫ్లోటు కట్టి వెనక వదలండి. లైఫ్ జాకెట్ పిల్ల బరువును బట్టి తీసుకోవాలి, కాళ్ల సందు పట్టీ లేకపోతే నీళ్లలో తల మీదుగా ఊడొస్తుంది.

ఆ దీవిలోని మంచినీళ్ల చెరువు చూడబోతే చేతిలో ప్లాస్టిక్ కవర్లు పెట్టుకోవద్దు, కోతులు లాక్కుంటాయి. అలిపిరి దారిలో నడిచినోళ్లకు కొత్తేం కాదనుకోండి.

ప్రశ్న (తిరుపతి): పోయేముందు పులికాట్‌లో ఒకసారి సాధన చేయొచ్చా?

సూళ్లూరుపేట: సరస్సు లోతు చాలాచోట్ల మీటరే, కీల్ ఉన్న పడవ అక్కడ తేలదు. పక్షుల అభయారణ్యం కూడా, శ్రీహరికోట వైపు అనుమతి ఉండదు. తడ దగ్గర భీములవారిపాళెంలో బోటు ఎక్కించి జాకెట్ అలవాటు చేయండి, అంతవరకే. ఆ నీళ్లలో ఊపుండదు, వాంతులవుతాయో లేదో తేలదు.

ప్రశ్న (తిరుపతి): ఆఖరిది. పొద్దున లంగరు రాకపోతే?

చిత్తూరు: గొలుసు చుట్టే యంత్రంతో పడవను లాక్కోవద్దు. ఇంజన్ మెల్లగా ముందుకు వేసి, వదులైన గొలుసును మాత్రం చుట్టుకోండి. గొలుసు నిటారుగా అయ్యాక కొయ్యకు కట్టేసి రెండు నిమిషాలు ఆగితే అలల ఊపే దాన్ని పెళ్లగిస్తుంది. అప్పటికీ రాకపోతే ఇంకాస్త గొలుసు వదిలి, లంగరు దాటి వేసినప్పటి దిక్కుకు ఎదురుగా ఇంజన్‌తో మెల్లగా లాగండి. పైకి వచ్చేటప్పుడు ఒకరు బకెట్‌తో గొలుసు బురద కడుగుతుండాలి, లేదంటే ఆ వాసన పిలకాయలు పడుకునే ముందుగదిలోకే వస్తుంది.