దుకాణానికి ప్రకృతిని తలపించే అలంకరణ: ఇందులో నిజమైన మేలు ఎంత?

ప్రశ్న:
త్వరలో తెరవబోయే చిన్న దుస్తుల దుకాణానికి డిజైనర్ ఒక నమూనా ఇచ్చారు. అందులో ఆకుల బొమ్మల వాల్‌పేపర్, చెక్క గీతలున్న లామినేట్ (పలకపై అంటించే పలుచని పొర) అరలు, లోపలి గోడ నిండా మొక్కలు ఉన్నాయి. చూడటానికి ముచ్చటగానే ఉంది కానీ, పర్యావరణానికి మేలు చేసేది ఎంత, కంటికి పచ్చగా కనిపించేది ఎంత అన్నది తేల్చుకోలేకపోతున్నాను. గదికి వీధివైపు మాత్రమే కిటికీ ఉంది.

మొదటి సమాధానం:
దుకాణాల అలంకరణ కొన్నేళ్లకోసారి మారిపోతుంటుంది కాబట్టి, రేపు దీన్ని విప్పి మళ్లీ వాడుకోగలమా అన్నది ముందుగా అడగండి. ఎం.డి.ఎఫ్. (చెక్క నారను జిగురుతో అదిమి చేసే) పలక మీద లామినేట్ అంటించాక ఆ రెండింటినీ విడదీయడం చాలా కష్టం. పైగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో చేసిన పలకల నుంచి ఫార్మాల్డిహైడ్ అనే, కళ్లను గొంతును మండించే వాయువు చాలాకాలం కొద్దికొద్దిగా వెలువడుతూనే ఉంటుంది. పాత కట్టడాల నుంచి వచ్చిన గట్టి చెక్కతో అరలు చేయించి, జిగురు లేకుండా మరలతో బిగించమనండి. వెదురు పలకలూ మంచివే, అయితే వాటిలోనూ జిగురు ఉంటుందన్న సంగతి అమ్మేవారు తరచూ చెప్పరు. నేలకు లినోలియం వేయించవచ్చు. అవిసె నూనె, చెక్కపొడి, సున్నపురాయి పొడి కలిపి జనపనార గుడ్డపై పరిచి తయారుచేసే ఈ సామగ్రి 1860ల నుంచి వాడుకలో ఉంది. ఆ పేరుతో వినైల్‌ అనే ప్లాస్టిక్‌ను అంటగట్టేవారు ఉంటారు కనుక, అడుగున జనపనార నేత కనబడుతుందో లేదో ముక్క తిప్పి చూసుకోండి.

రెండవ సమాధానం:
మొక్కల గోడ గురించి నాకు అభ్యంతరం ఉంది. కిటికీకి దూరంగా ఉన్న గోడకు పొద్దస్తమానం దీపాలు, నీటికి పంపు కావాలి. అంటే పచ్చదనం కోసం కరెంటు ఖర్చు చేస్తున్నట్టే. కుండీల మొక్కలు గదిలో గాలిని శుద్ధి చేస్తాయన్న నమ్మకానికి మూలమైన 1989 నాటి నాసా ప్రయోగాలు మూసిన చిన్న పెట్టెల్లో జరిగాయి. గాలి వచ్చిపోయే గదుల్లో ఆ ప్రభావం లెక్కలోకి రానంత స్వల్పమని 2019లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. మొక్కలు మనసుకు హాయినిస్తాయి, ఆ మాట వేరు. కిటికీ పక్కనే నాలుగైదు పెద్ద కుండీలు పెడితే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మొక్కలను కిటికీ దగ్గరకు మారిస్తే బట్టల వరుసలు లోపలికి జరపాల్సి వస్తుంది, అక్కడ వెలుతురు తక్కువ.

మూడవ సమాధానం:
జరపడమే మంచిది, ఎందుకంటే నేరుగా ఎండ తగిలే చోట బట్టల రంగులు వెలిసిపోతాయి. లోపలి భాగానికి సి.ఆర్.ఐ. (రంగులను ఎంత సహజంగా చూపిస్తాయో తెలిపే, గరిష్ఠంగా 100 ఉండే కొలమానం) 90 దాటిన ఎల్‌.ఇ.డి. దీపాలు ఎంచుకోండి, లేకపోతే ఎరుపు రంగు బట్టలు నిర్జీవంగా కనిపిస్తాయి. గోడలకు లేతరంగు సున్నం పూత వేయిస్తే కిటికీ వెలుతురు మరింత లోపలి దాకా పరుచుకుంటుంది.